ఫౌల్ అని అప్పుడే అరవకు

బిడ్డా,

వచ్చే వారం జోనల్ ఆటల్లో బేస్‌బాల్‌కు నిన్నే అంపైర్‌గా ఉండమన్నారని, కొట్టిన బంతి గీతల లోపలిదా (ఫెయిర్), బయటిదా (ఫౌల్) చెప్పాలంటేనే టెన్షన్‌గా ఉందని ఫోన్‌లో అన్నావు. బస్సు రొదలో సరిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

మనందరివీ క్రికెట్ కళ్లు. అక్కడ బ్యాట్ గీత మీదే ఉంటే రనౌట్. ఇక్కడ గీత కూడా మైదానంలోదే, సున్నం అంచుకు తాకినా ఫెయిరే. పరుగు తీసేవాడు తాకాల్సిన మెత్తలున్నాయి చూడు, బేస్‌లు, వాటిలో గీతల దగ్గరుండే మొదటిది, మూడోది కూడా లోపలివే. బేస్‌కు తగిలిన బంతి తర్వాత ఎటు పోయినా ఫెయిర్. హోమ్ ప్లేట్‌కు, అంటే బ్యాటర్ పక్కనుండే పలకకు, తగలగానే పిల్లలు ఫౌల్ ఫౌల్ అంటారు, వినకు. అదీ ఫెయిర్ నేలే.

అసలు చిక్కు దొర్లే బంతితో. హోమ్‌కూ బేస్‌కూ మధ్య అది ఎక్కడ పడిందని కాదు, ఎక్కడ ఆగింది, లేదా ఎక్కడ ముట్టుకున్నారు అని చూడాలి. దేవరకొండ వైపు ఒక గ్రౌండ్‌లో నేను ఇక్కడే దెబ్బతిన్నా. బంట్ చేసిన (బ్యాట్ ఊపకుండా మెల్లగా తాకించిన) బంతి మూడో బేస్ గీతకు జానెడు బయట దొర్లుతోంది. చేతులెత్తి ఫౌల్ అని అరిచేశా. చెలక నేల కదా, గులకరాయికి తగిలి మెల్లగా మళ్లి సున్నం మీద కూర్చుంది! మూడో బేస్ మీది పిల్లాడు అప్పటికే హోమ్ చేరాడు. కానీ నేను అరిచినప్పుడే ఆట ఆగిపోయింది. వాణ్ని వెనక్కి పంపక తప్పలేదు. వాడు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే బంతి ఆగేదాకా ఆగు. ఫెయిర్ అయితే నోరే తెరవకు, చేత్తో లోపలికి చూపించు చాలు. ఫెయిర్ అని అరిస్తే సగం మందికి ఫౌల్ అనే వినపడుతుంది.

నేల తాకుతూ బేస్ దాటే బంతిని దాటే క్షణంలోనే చూడు, అప్పుడు లోపలుంటే ఆ తర్వాత బయటికి పోయినా ఫెయిరే. గాల్లో వెళ్లి బేస్ అవతల పడితే మొదట పడిన చోటే లెక్క. ఫీల్డర్ చేతికి తగిలితే కోచ్‌లు వాడి కాళ్లు చూపించి వాదిస్తారు. కాళ్లతో పనిలేదు, తగిలినప్పుడు బంతి గీతకు ఎటువైపు ఉందో చూడాలి.

పొద్దున్నే వెళ్లి సుతిలి పట్టి గీతలు నువ్వే వేయించు. గాలికి సున్నం లేచిపోతుంది, బకెట్ దగ్గరే ఉంచుకో. బంతి గీత వెంట పోతే నువ్వూ గీత మీదికి రా, పక్కనుంచి చూస్తే మోసపోతావు. మాస్క్ ఎడమ చేత్తో తియ్యి, కుడి చెయ్యి సైగకు కావాలి.

నల్లగొండ వచ్చినప్పుడు ఇంటికి రా. నా పాత మాస్క్ ఉంది, పట్టీ మాత్రం మార్పించుకోవాలి.