పేరు పెట్టినవాళ్లను అడుగు

హనుమకొండ

చెల్లెమ్మకు ఆశీస్సులు.

నువ్వు పంపిన కథను రెండుసార్లు చదివాను. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో బీడీలు చుడుతూ ఇల్లు నడిపే తల్లి, దుబాయికి పోయి పన్నెండేళ్లయినా అప్పు తీర్చలేకపోతున్న తండ్రి, హైదరాబాదులో చదువుకుంటున్న కొడుకు, ఈ ముగ్గురి నడుమ అల్లిన ఆ కథలో తడిపిన తునికాకు వాసన ఉంది, పొద్దంతా చాట ఒడిలో పెట్టుకొని కూర్చున్న మనిషి నడుము నొప్పి ఉంది. అయినా ఆ తల్లిని నేను చివరిదాకా నమ్మలేకపోయాను. ఎందుకని వెతికితే కారణం ఆమె పేరు దగ్గర దొరికింది. యాభై అయిదేళ్ల ఆ మనిషికి నువ్వు మాలిని అని పేరు పెట్టావు. పాత్రలకు పేర్లు దొరకడం లేదని, నేనెట్లా పెడతానో చెప్పమని ఉత్తరం చివర అడిగావు కనుక ఈ జాబంతా ఆ ఒక్క విషయం మీదనే రాస్తున్నాను.

పాత్రకు పేరు పెట్టే హక్కు నాది కాదనుకోవడంతోనే నా పని మొదలవుతుంది. ఆ తల్లి పుట్టిననాడు నువ్వూ నేనూ ఆ ఇంట్లో లేము. ఆమె తాత ఉన్నాడు, నాయనమ్మ ఉంది, వాళ్లు మొక్కుకున్న దేవుడున్నాడు, తొట్టెలలో వేసిననాడు పేరు పెట్టి పిలిచిన మేనత్త ఉంది. అడగవలసింది వాళ్లను. మీ దిక్కు గోదావరిని గోదావరి అనేవాళ్లు తక్కువ, గంగ అనే అంటారు. అందుకే ఆ ఒడ్డు పొడుగునా గంగవ్వలు, గంగారాంలు, గంగాధర్‌లు కనిపిస్తారు. ఒక్క ఇంట్లోనే పెద్ద గంగారాం, నడిపి గంగారాం, చిన్న గంగారాం ఉండటం కూడా అక్కడ వింత కాదు. నీ కథలోని తల్లిని ఒకసారి గంగవ్వ అని పిలిచి చూడు. ఇంట్లో గంగవ్వ అయిన మనిషి బీడీ కార్ఖానావాళ్లు ఇచ్చిన పీఎఫ్ పుస్తకంలో గంగమణి అయి ఉంటుంది. ఆ రెండు పేర్ల నడుమనే నీ కథకు కావలసిన ఒక సన్నివేశం దాగి ఉండవచ్చు.

మన ఉత్తర తెలంగాణలో పేరు వింటే చాలు, ఆ కుటుంబం బండి కట్టుకొని ఏ జాతరకు పోయేదో చాలావరకు తెలిసిపోతుంది. వేములవాడ రాజన్నకు మొక్కినవాళ్ల ఇళ్లలో రాజయ్య, రాజవ్వ, రాజేశం ఉంటారు. ఓదెల మల్లన్న పేరు మీద ఓదెలు ఉంటాడు. మేడారం తల్లుల పేర్లు సమ్మయ్యలో, సారయ్యలో, సమ్మక్కలో, సారక్కలో వినిపిస్తాయి. 1946 జులై 4న కడవెండిలో కాల్పులకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్య పేరులో కొమురవెల్లి మల్లన్న ఉన్నాడు, భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచిన పాలకుర్తి ఐలమ్మ పేరులో ఐలోని (ఐనవోలు) మల్లన్న ఉన్నాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వరంగల్ పల్లెల్లో వినిపించే యాకయ్య, యాకమ్మ. పర్వతగిరి దగ్గరి అన్నారం షరీఫులో యాకూబ్ షహీద్ దర్గాకు మొక్కుకొని బిడ్డలను కన్న హిందువులు ఆ పేర్లు పెట్టుకున్నారు. యాకూబ్ రెడ్డి అనే పేరు కూడా ఇక్కడ మామూలే. మతసామరస్యం గురించి పాత్రల చేత రెండు పేజీలు మాట్లాడించే బదులు ఒక రైతుకు యాకయ్య అని పేరు పెట్టి, అతని తల్లి దర్గా దగ్గర మేకను కోసి కందూరు (మొక్కు విందు) చేసిన రోజును ఒక్క వాక్యంలో తలుచుకుంటే సరిపోతుంది.

ఈ పేర్లను నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. చాలా ఏళ్ల కింద మేడారం జాతరలో తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో చదివే చోట ఒక రాత్రంతా కూర్చున్నాను. ఫలానా మండలం, ఫలానా ఊరు నుంచి వచ్చిన ఫలానా ఆమె, ఎర్రచీర కట్టుకున్నది, ఎక్కడున్నా మైకు దగ్గరికి రావాలని పిలుపు వచ్చేది. పిలిపించే వాళ్లేమో చేతిలో తల్లులకు ఇచ్చే బంగారం, అంటే బెల్లం ముద్ద పట్టుకొని, అది వేళ్ల మధ్య కరుగుతున్నా గమనించకుండా నిలబడేవాళ్లు. ఒక పిల్లవాడు వాళ్లమ్మ పేరు చెప్పలేకపోయాడు. ఎంత అడిగినా "అవ్వ" అనే అన్నాడు. మైకులో అతని పేరే చదివారు. కొంతసేపటికి ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చింది, వస్తూ వస్తూ మైకులో చదివిన పేరుతో కాక ఇంట్లో పిలుచుకునే ముద్దు పేరుతో వాణ్ని పిలిచింది. మనిషికి ఉండే పేరు ఒకటి, పిలుపులు ఎన్నో అని నాకు ఆ రాత్రి అర్థమైంది.

నీ కథలో లోటు ఎక్కువగా ఉన్నది ఈ పిలుపుల దగ్గరే. తండ్రిని అందరూ ఒకే పేరుతో పిలుస్తున్నారు. అది జరగదమ్మా. ఊరిలో తోటివాళ్లకు అతను గంగారాం, చిన్నవాళ్లకు గంగారామన్న, తల్లికి గంగడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో ఉంటాయి కనుక అక్కడి కంపెనీవాళ్లు అతణ్ని దేనితో పిలుస్తున్నారో నువ్వు తేల్చుకోవాలి. భార్య మాత్రం పేరు పెట్టి పిలవదు. ఆ తరం ఆడవాళ్లు ఎదుట ఉంటే "ఇగో, ఇంటున్నవా" అంటారు, చాటున "మా పోరగాని నాయిన" అంటారు. అటువంటి మనిషి దుబాయి ఆఫీసుకు ఫోన్ చేసి భర్త క్షేమం అడగవలసి వచ్చినప్పుడు అతని పేరును మొదటిసారి నోరు తెరిచి పలకవలసి వస్తుంది. అది నీ కథలో ఉన్న ఘట్టమే. ఒక్క వాక్యంలో దాటేశావు.

దొరలు గడీల్లో ఉండి ఊళ్లను ఏలిన కాలం మీద ఎప్పుడైనా రాస్తే ఈ సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకో. దొర నోట మల్లయ్య మల్లిగాడవుతాడు, ఐలమ్మ ఐలి అవుతుంది. పేరు చివరి "అయ్య"ను ఎవరు పలుకుతారు, ఎవరు కోసేస్తారు అన్నదానిలోనే ఆ ఊరి పెత్తనమంతా ఉంటుంది.

ఇక కాలం. మల్లయ్య కొడుకు మల్లేశం, మనవడు మల్లేష్. రాజయ్య ఇంట్లో రాజేశం, ఆ తరువాత రాజేష్. కొమురయ్య మనవణ్ని బడిలో చేర్చిననాడు సారు రిజిస్టరులో కుమారస్వామి అని రాసి ఉంటాడు. విప్లవోద్యమం బలంగా ఉన్న రోజుల్లో పుట్టిన పిల్లలకు అరుణ, క్రాంతి, స్వేచ్ఛ అనే పేర్లు వచ్చాయి. కనుక పాత్ర పుట్టిన సంవత్సరాన్ని నీ నోటుబుక్కులో ముందే రాసుకో. నీ కథలోని కొడుకు 2003 ప్రాంతంలో పుట్టినవాడు కనుక సాయికిరణ్ వంటి పేరు అతనికి సహజంగా ఉంటుంది.

వినడానికి మొరటుగా ఉందని ఏ పేరునూ పక్కన పెట్టకు. పరకాల దిక్కు ఒక ముసలామె పేరు పెంటమ్మ. ఆ పేరెందుకు పెట్టారవ్వా అని అడిగితే ఆమె కాసేపు మాట్లాడలేదు. తనకు ముందు పుట్టిన ముగ్గురూ బతకలేదని, తనను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామె చేత ఎత్తించి తెచ్చుకున్నారని, ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకొని సావు కూడా దాటిపోవాలని అట్లా చేశారని చెప్పింది. బిచ్చమ్మ, బిక్షపతి అనే పేర్ల వెనుక కూడా ఇటువంటి భయమే ఉంటుంది. ఆ పేరులో ఒక తల్లి మూడు కడుపుకోతలున్నాయి. దాన్ని పద్మావతి అని మార్చి రాసే హక్కు నాకు లేదనుకున్నాను.

ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు పక్కపక్కన వస్తే పాఠకుడు తికమకపడతాడని చెబుతారు, నిజమే. కానీ రాజన్న భక్తుల ఊరిలో ముగ్గురు రాజయ్యలుంటే ఊరు తికమకపడదు. బాయికాడి రాజయ్య, చింతచెట్టోళ్ల రాజయ్య అని విడదీసుకుంటుంది. నువ్వూ ఆ దారినే పో.

ఇంటిపేరు దగ్గర మాత్రం తొందరపడకు. మన దగ్గర ఇంటిపేరు కులాన్ని చెబుతుంది, ఊరితో కలిపితే ఫలానా మనిషి అని వేలు పెట్టి చూపిస్తుంది. నీకు తెలిసిన మనిషి కష్టాన్ని కథగా రాస్తే అతని పేరును, ఇంటిపేరును, ఊరును మూడింటినీ మార్చు. లేకుంటే రేపు ఆ ఇంటి ఆడపిల్ల సంబంధం దగ్గర నీ కథ అడ్డం పడవచ్చు.

నీ కథలో గల్ఫ్ ఏజెంటుకు నువ్వు పేరే పెట్టలేదు. అది బాగుంది, అట్లాగే ఉంచు. కానీ బీడీలు లెక్కపెట్టి తీసుకునే టేకేదార్‌కు పేరు కావాలి, ఎందుకంటే గంగవ్వ వారం వారం అతని ఎదుట నిలబడుతుంది, తంబాకు తక్కువ ఇచ్చిన రోజున అతణ్ని ఏదో ఒక పిలుపుతో అడగవలసి ఉంటుంది. ఆ పిలుపు నాకు తట్టలేదు. మీ ఊరిలో చాట ముందర పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్లను అడిగి తెలుసుకో. సంక్రాంతికి నేను ఐనవోలు జాతరలో ఉంటాను. తిరగరాసిన కథ తీసుకొని అక్కడికే రా, మల్లన్నకు పట్నాలు (రంగుల ముగ్గులు) వేసే చోట కూర్చొని చదువుకుందాం.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న