అత్తమామలతో, నాలుగేళ్ల పిల్లాడితో ఫామ్ గ్లాంపింగ్‌కు వెళ్లొచ్చా?

మీరు ఇంగ్లండ్‌లో, స్లౌలో ఉంటున్నారు, ఇండియా నుంచి అత్తమామలు వచ్చారు, పిల్లలు చిన్నవాళ్లు. మే నెల లాంగ్ వీకెండ్‌కి ఒక డెయిరీ ఫామ్‌లో, చెట్ల మధ్య మంచాలు, పొయ్యి ముందే అమర్చి ఉంచిన టెంట్‌లో (దాన్నే గ్లాంపింగ్ అంటారు) మూడు రాత్రులు ఉందామా, పెద్దవాళ్లు ఇబ్బంది పడతారా అన్నది మీ ప్రశ్న.

వెళ్లండి. కాకపోతే టాయిలెట్ ఎంత దూరంలో ఉంది, ఎలాంటిది అని అడగకుండా డబ్బు కట్టకండి. ఎందుకో కింద చెప్తాను.

మాది రెడింగ్. 2024 మే మొదటి బ్యాంక్ హాలిడేకి (సోమవారం సెలవుకి) అచ్చం మీలాగే ఆరుగురం వెళ్లాం. మా అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల పిల్లాడు. సోమర్‌సెట్, డెవన్ సరిహద్దులో బ్లాక్‌డౌన్ హిల్స్ అని ఉంటాయి, అక్కడ. ఎం5 హైవే మీద 26వ జంక్షన్‌లో, వెల్లింగ్టన్ దగ్గర దిగాలి. మామూలుగా రెండుంబావు గంటల దారి. శుక్రవారం స్కూల్ వదిలాక బయల్దేరితే నాలుగు గంటలు పట్టింది. హైవే దిగాక ఇంకో కథ. రెండు వైపులా కారు కంటే ఎత్తుగా పొదలు, మధ్యలో ఒక్క బండి పట్టే దారి. ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. మా ఆయన చెమటలు కక్కుకుంటూ రివర్స్ చేస్తుంటే వెనక సీట్లోంచి మామయ్య, "దీనికంటే మా ఊరి డొంక నయం" అన్నారు. వాళ్లది తెనాలి దగ్గర పల్లెటూరు.

అసలు ఈ ప్రయాణమే ఆయనకు మింగుడు పడలేదు. "పొలంలో పడుకోడానికి డబ్బులు కట్టారా? ఎంత?" అన్నారు. 480 పౌండ్లు అని చెప్పాను. మనసులోనే గుణించుకుని "యాభై వేలా!" అని కాసేపు మాట్లాడలేదు.

టెంట్ అంటే మనం మోసుకెళ్లి వేసుకునేది కాదు. చెక్క నేల, మందపాటి కాన్వాస్ గుడారం, లోపల మంచాలు, బల్ల, ఇనుప కట్టెల పొయ్యి, లాంతర్లు. కరెంటు లేదు. చుట్టూ ఓక్, హేజెల్ చెట్లు, వాటి కింద నేలంతా బ్లూబెల్స్. ఆ పూలు ఏప్రిల్ చివరి నుంచి మే సగం వరకే ఉంటాయి. మీరు హాఫ్ టర్మ్‌కి (మే చివరి స్కూల్ సెలవులకి) వాయిదా వేస్తే దాదాపు అయిపోతాయి.

మొదటి సాయంత్రం పొయ్యి దగ్గరే మా పరువు పోయింది. మా ఆయన సన్న పుల్లలు పేర్చి, ఫైర్‌లైటర్ వెలిగించి తలుపు మూశారు. ఐదు నిమిషాల్లో టెంట్ అంతా పొగ. పిల్లలు దగ్గుతూ బయటికి పరుగెత్తారు. వీడియో చూసి నేర్చుకుందామంటే నెట్‌వర్క్ లేదు. అత్తమ్మ అప్పటిదాకా శాలువా కప్పుకుని మంచం మీద కూర్చుని ఉంది. లేచొచ్చి "ఊదుగొట్టం ఏదే?" అంది. ఊదుగొట్టం ఎక్కణ్నుంచి వస్తుంది! కిచెన్ రోల్‌లో మిగిలిన కాగితమంతా విప్పేసి, లోపలి అట్ట గొట్టం తీసుకుంది. పెద్ద మొద్దు బయటికి లాగేసి, పుల్లల్ని గూడులా నిలబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని నాలుగు సార్లు ఊదింది. భగ్గున అంటుకుంది. తర్వాత మామయ్య పొయ్యి కింద గాలి వెళ్లే తలుపు మూసి ఉండటం చూసి, కర్రతో దాన్ని పక్కకి జరిపారు. తప్పంతా అక్కడే ఉంది. ఆ అట్ట గొట్టాన్ని మూడు రోజులూ ఎవర్నీ పారేయనివ్వలేదు ఆవిడ.

పొయ్యి అంటుకున్నా వంట త్వరగా అవుతుందని అనుకోవద్దు. టీ నీళ్లు మరగడానికే దాదాపు అరగంట పట్టింది. రెండో రోజుకని తెచ్చుకున్న పులిహోర మొదటి రాత్రే తినేశాం. మొదటి పూట భోజనం ఇంటి దగ్గరే వండి తీసుకెళ్లండి. కుక్కర్ తప్పకుండా పెట్టుకోండి. మర్నాడు దాంట్లో పప్పు పెడితే, అడవిలో ఆ విజిల్ విని పక్క టెంట్లోని ఇంగ్లీషు పిల్లలు ఏమైందో అని వచ్చారు. అత్తమ్మకి ఓక్ చెట్ల కింద ఎక్కణ్నుంచో వెల్లుల్లి వాసన తగిలింది. అది వైల్డ్ గార్లిక్, ఆకు తింటారు. ఫామ్ ఆవిడే దగ్గరుండి కోసిచ్చింది. అదే ఆకుల మధ్య విషపు ఆకులూ మొలుస్తాయట, ఒకసారి వెల్లుల్లి ఆకు ముట్టుకుంటే వేళ్లకే వాసన అంటుకుంటుంది కాబట్టి వాసన చూసి పోల్చుకోవడం కుదరదంది. తెలిసినవాళ్లు పక్కన లేకపోతే మీరు కోయొద్దు. ఆ ఆకు వేసిన పప్పు మాత్రం అద్భుతం.

శనివారం తుప్పర పడింది. బొగ్గుల బార్బెక్యూ ట్రేని టెంట్ గుమ్మంలోకి లాగుదామనుకున్నారు మా ఆయన. అటుగా క్వాడ్ బైక్ మీద వెళ్తున్న రైతు ఆగి మరీ అరిచాడు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కట్టెల పొయ్యికైతే పొగ గొట్టం ఉంటుంది, పక్కన అలారం కూడా ఉండాలి. మీరు దిగగానే అలారం బటన్ నొక్కి చూసుకోండి.

ఇక టాయిలెట్. టెంట్‌కి అరవై డెబ్భై అడుగుల దూరంలో కంపోస్ట్ టాయిలెట్. పని అయ్యాక ఒక గరిటెడు రంపపు పొట్టు వేయాలి, నీళ్లు పోయకూడదని బోర్డు. మనవాళ్లకి నీళ్లు లేకుండా ఎలా? అత్తమ్మ ముఖం చూడలేకపోయాను. పైగా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మామయ్య రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు. చీకట్లో వేళ్లు తేలిన తడి దారి. మొదటి రాత్రి ప్రతిసారీ మా ఆయన తలకి లైటు కట్టుకుని తోడు వెళ్లారు. కొట్టం పక్కనే మామూలు ఫ్లష్ టాయిలెట్ ఉంది. మా అదృష్టం కొద్దీ దాని ఎదురు టెంట్ ఖాళీగా ఉంటే, ఉదయం అడగ్గానే మార్చారు. మీరు ముందే ఫోన్ చేసి అలాంటిది కావాలని అడగండి. ఇంట్లోంచి ఒక మగ్గు కూడా పెట్టుకోండి. మంచాలు ఎన్ని, బంక్ బెడ్‌లు ఎన్ని అని కూడా కనుక్కోండి, పెద్దవాళ్లు పైమంచం ఎక్కలేరు.

మేలో కూడా రాత్రి ఐదారు డిగ్రీలకి పడిపోతుంది. పొయ్యి రెండింటికల్లా ఆరిపోతుంది. హాట్ వాటర్ బ్యాగులు, ఇండియా నుంచి తెచ్చిన మంకీ క్యాపులు మమ్మల్ని కాపాడాయి. ఇన్సులిన్ లాంటివి వాడుతుంటే ఫామ్ వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టిస్తారేమో అడగండి.

ఇప్పుడు పశువుల సంగతి. ఉదయం ఐదింటికి పాలు పితుకుతారు. మామయ్య అంతకు ముందే లేచి మఫ్లర్ చుట్టుకుని అక్కడ నిలబడ్డారు. ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం, రైతుకి తెలుగు రాదు. అయినా గంటసేపు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చి "ఒక్కో ఆవు రోజుకి ఇరవై ఎనిమిది లీటర్లటే, మన గేదె ఎనిమిదిస్తే గొప్ప" అన్నారు. అక్కడ ప్రతి ఆవుకీ రెండు చెవులకీ ట్యాగులు, పైగా ఒక్కోదానికి పాస్‌పోర్ట్. జోక్ కాదు, ఈ దేశంలో పుట్టే ప్రతి దూడకీ 1996లో అది తప్పనిసరి చేశారు. రైతు ఒకటి చేతికిస్తే, మామయ్య అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి ఇంటర్వ్యూకి హైదరాబాద్ పోనక్కర్లేదు కదా" అన్నారు.

ఫామ్‌లో పచ్చిపాలు అమ్మితే కాచుకునే తాగండి. మనకు అలవాటే అనుకోండి. అత్తమ్మ పొయ్యి మీద సన్నసెగన కాచి పెడితే పొద్దునకి వేలెడు మీగడ. మావాడు దూడకి సీసాతో పాలు పట్టాడు. అది మోచేతి దాకా నాకేసింది, వాడికి అదే పండగ. ఇక్కడ మాత్రం గట్టిగా ఉండండి. వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో చేతులు కడిగించాలి. శానిటైజర్ సరిపోదు. 2009లో సర్రీలో ఒక ఫామ్‌కి వెళ్లినవాళ్లలో 93 మందికి ఈ.కోలి బ్యాక్టీరియా సోకింది, వాళ్లలో ఎక్కువమంది చిన్న పిల్లలే. ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉంటే వాళ్లు ఈనే గొర్రెల దగ్గరికి, గొర్రెపిల్లల దగ్గరికి వెళ్లకూడదు.

రాత్రి పడుకునే ముందు పిల్లల చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక చూడండి. అడవిలో గోమార్లు (టిక్స్) ఉంటాయి. మన పశువులకి పట్టేవాటిలాగే, కాకపోతే గసగసాలంత. మా అమ్మాయి మడమ మీద ఒకటి కనిపిస్తే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి, నెమ్మదిగా నిటారుగా లాగాం. కిరోసిన్, నూనె లాంటి చిట్కాలు వద్దు. తర్వాత కొన్ని వారాల్లో అక్కడ గుండ్రంగా ఎర్రటి మచ్చ వస్తే లైమ్ జబ్బు కావచ్చు, జీపీ (మీ ఏరియా డాక్టర్) దగ్గరికి వెళ్లాలి. మాకేం రాలేదు.

మామయ్యకి అసలు టెన్షన్ ఇవేవీ కాదు. ఆంధ్రలో మే 13న ఎన్నికల ఓటింగ్, ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్ కూడా లేదు. మొదటి రోజంతా ఫోన్ ఎత్తి పట్టుకుని తిరిగారు. రెండో రోజు నుంచి ఆ ఊసే లేదు, దూడల దగ్గరే మకాం.

సోమవారం, 6వ తేదీ తిరిగొచ్చేశాం. 10వ తేదీ రాత్రి దేశమంతా ఆకాశంలో అరోరా రంగుల వెలుగు కనిపించింది, గుర్తుందా? రెడింగ్‌లో వీధి దీపాల మధ్య మా వెనక తోటలోంచి కాస్త గులాబీ రంగు కనిపించింది, అంతే. మామయ్య మఫ్లర్ చుట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఆ పొలంలో ఇంకో నాలుగు రోజులంటే ఎంతయ్యేదిరా?" అన్నారు.