స్కాన్ బాగుందని ఇంటి మీద అప్పు చేయకండి

ప్రశ్న: మావారికి 47 ఏళ్లు. నాలుగో దశ మెలనోమా, అంటే చర్మ క్యాన్సర్. కణితి పరీక్షలో బ్రాఫ్ అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉందని తేలడంతో ఎనిమిది నెలలుగా డబ్రాఫెనిబ్, ట్రమెటినిబ్ అనే రెండు మందులు వాడుతున్నారు. మొన్నటి స్కాన్‌లో గడ్డలు బాగా తగ్గాయి, ఉద్యోగానికీ వెళ్తున్నారు. మందుల ఖర్చులో కొంత ఆఫీసు వాళ్ల బీమా ఇస్తోంది, మా వాటా క్రెడిట్ కార్డు మీద నడుస్తోంది. చేతిలో ఉన్న డబ్బు మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపోతుంది. కొన్ని ఫండ్లు ఉన్నాయి. ఇంటి మీద లోన్ తీసుకుని షేర్లలో పెడితే ఆ లాభంతో మందులు కొనుక్కోవచ్చని మా మరిది అంటున్నాడు. ప్రీమియం భారంగా ఉంది కాబట్టి మావారి టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఆపేద్దామనీ అనుకుంటున్నాం. పెద్దబ్బాయి చదువు కోసం నెలనెలా వేస్తున్న పొదుపు కూడా ఆపాలా?

జవాబు: లోన్ వద్దు. పాలసీ ఆపొద్దు. పొదుపు సంగతి చివర్లో చెబుతాను.

మీ ఉత్తరం లాంటివి నాకు తరచూ వస్తుంటాయి. జబ్బు పేరు మారుతుందేమో గానీ తప్పు ఒకటే. రిపోర్టు బాగా రాగానే గండం గడిచిందనుకుని డబ్బు విషయంలో పట్టు వదిలేస్తారు. రిపోర్టు బాగుండటం నిజంగా సంతోషమే. కానీ ఈ మందుల తీరు తెలిస్తే, చేతిలో నగదు కూడబెట్టుకోవాల్సింది సరిగ్గా ఇప్పుడేనని మీకే అర్థమవుతుంది.

ఈ రెండు మందుల మీద జరిగిన పెద్ద ట్రయల్స్‌లో, దాదాపు 11 నెలలు గడిచేసరికి సగం మందిలో జబ్బు మళ్లీ పెరిగింది, లేదా అప్పటికే ప్రాణం పోయింది. అవే ట్రయల్స్‌లో అయిదేళ్ల తర్వాత కూడా 34 శాతం మంది బతికి ఉన్నారు. 19 శాతం మందిలో అప్పటికీ జబ్బు పెరగలేదు. మీవారు ఏ లెక్కలోకి వస్తారని నన్ను అడగకండి, అది డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం. నాకు కావలసింది ఇంతే: వచ్చే స్కాన్‌కే మందు మార్చాల్సి రావొచ్చు, లేదా ఇదే మందు ఏళ్ల తరబడి వాడాల్సి రావొచ్చు. ముదిరిన మెలనోమాలో ఈ మందులు పనిచేస్తున్నంత కాలం వాడుతూనే ఉండాలి, కోర్సు అయిపోవడం అంటూ ఉండదు. మొదటి దారిలో ఒక్కసారిగా పెద్ద ఖర్చు పడుతుంది, రెండో దారిలో నెలనెలా తెగని ఖర్చు. ఏ దారి అయినా కావలసింది నగదే.

మీ మరిది లెక్కలో ఆ నగదు ఎక్కడ? షేర్లు పడిన నెలలోనే స్కాన్ కూడా చెడుగా వస్తే? ఈఎంఐ ఆగదు, మందు ఆగదు, షేర్లేమో నష్టానికి అమ్ముకోవాలి. ఆపైన తాకట్టులో ఉన్నది మీరు తలదాచుకునే ఇల్లు. పూర్తి ఆరోగ్యంతో, స్థిరమైన జీతంతో ఉన్నవాళ్లకే అప్పు చేసి షేర్లు కొనమని నేను చెప్పను. మీ ఇంట్లో ఈ మాట ఎత్తడమే నాకు కోపం తెప్పిస్తోంది. మరిదికి అంత నమ్మకం ఉంటే తన డబ్బు పెట్టుకోమనండి.

ఇక అసలు విషయానికి వద్దాం, అత్యవసర నిధి. మామూలుగా ఆరు నెలల ఖర్చు చాలంటాం. మీకు చాలదు. 12 నెలల ఇంటి ఖర్చు, దానికి తోడు రెండు స్కాన్ల మధ్య కాలానికి మందుల్లో మీ వాటా, ఈ రెండూ కలిపి పక్కన ఉండాలి. ఎందుకంటే ఖర్చు మందులతో ఆగదు. ఈ జంట మందులకు జ్వరం బాగా తెలిసిన ఇబ్బంది, సగం మందికి పైగా వస్తుంది. వస్తే మందు కొన్నాళ్లు ఆపమంటారు, ఒక్కోసారి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది, సెలవులు కరిగిపోతాయి. గుండె పనితీరు చూడటానికి ఎకో మొదట్లో ఒకసారి, నెల తర్వాత మరోసారి, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి తీస్తారు. చూపు మసకబారితే కంటి పరీక్ష, కొత్త మచ్చల కోసం చర్మ పరీక్ష సరేసరి. విడివిడిగా చిన్న బిల్లులే. వీటిలో ఎన్నింటికి మీ బీమా ఇస్తుందో పాలసీ కాగితం తీసి చూడండి.

ఈ నిధికి డబ్బు ఎక్కడిదంటారా? మీ దగ్గరున్న ఫండ్లలోంచి తీయండి. లాభం కాస్త పోతుంది, పోనివ్వండి. ముందు క్రెడిట్ కార్డు బాకీ మొత్తం కట్టేయండి. దానికి పడే వడ్డీని ఏ పెట్టుబడీ అందుకోలేదు. మిగిలింది బ్యాంకులో, అడిగిన రోజే చేతికొచ్చేలా, మీ ఇద్దరి పేరు మీదా ఉండాలి. మందు కంపెనీల సహాయ పథకాలు మీకు వర్తిస్తాయేమో వచ్చే నెల మందు కొనేలోపే ఆసుపత్రిలో అడగండి. చాలామంది అప్పులన్నీ చేశాక అడుగుతారు. ఇంకోటి, డబ్బు సర్దుకోవడానికి డాక్టర్‌కి చెప్పకుండా డోసు తగ్గించుకుని మందు సాగదీసేవాళ్లు ఉంటారు. ఆ పని మాత్రం చేయకండి.

టర్మ్ పాలసీ విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఒకసారి ల్యాప్స్ అయితే పునరుద్ధరణకు ఆరోగ్య వివరాలు అడుగుతారు. మీవారి రిపోర్టు చూశాక ఇవ్వరు. కొత్త పాలసీ సంగతి సరేసరి. ప్రీమియం బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యేలా ఈ వారమే పెట్టించండి. అలాగే రైడర్ల (పాలసీకి అదనంగా జోడించిన కవర్ల) పేజీ చదవండి. క్రిటికల్ ఇల్‌నెస్, టెర్మినల్ ఇల్‌నెస్, ప్రీమియం మాఫీ, ఏదైనా ఉందా? మెలనోమా చర్మం పై పొర దాటకపోతే క్రిటికల్ ఇల్‌నెస్ కింద ఇవ్వమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. మీవారిది నాలుగో దశ, ఆ మినహాయింపు మీకు అడ్డు కాదు. కానీ క్లెయిమ్‌కి గడువు ఉంటుంది, ఎనిమిది నెలలు ఇప్పటికే గడిచాయి. బయాప్సీ రిపోర్టు పట్టుకుని రేపే ఫోన్ చేయండి.

ఒంట్లో బాగోలేని రోజున టెన్షన్‌తో రాజీనామా ఇచ్చేయకుండా కూడా చూసుకోండి. ఉద్యోగం పోతే మామూలుగా ఆఫీసు బీమా కూడా పోతుంది. జీతం లేని సెలవులో బీమా కొనసాగుతుందా అని హెచ్‌ఆర్‌ని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. నామినీ పేర్లు, వీలునామా సరిచూసుకోండి.

పెద్దబ్బాయి చదువు పొదుపు: నిధి నిండేదాకా ఆపండి, ఇప్పటిదాకా వేసింది మాత్రం కదపకండి. వాడి చదువుకు రేపు లోన్ దొరుకుతుంది.