డబ్బా మీద 150... పీసీలో 35!

కంప్యూటర్ సందేహాలు - జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ యూఎస్‌బీ వైఫై అడాప్టర్ల మీదే. షాపులో వైఫై డాంగిల్ అని అడిగితే ఇచ్చేది ఇదే.

ప్ర: ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 90 దాటుతోంది. అదే గదిలో ఉన్న డెస్క్‌టాప్‌కు గోరంత డాంగిల్ పెట్టాం. డబ్బా మీద 150 ఎంబీపీఎస్ అని రాసి ఉన్నా 35 మించి రావడం లేదు. డాంగిల్ పాడైందా?
- తెనాలి పాఠకురాలు

జ: పాడవలేదండీ. తన శక్తి మేరకు ఇస్తూనే ఉంది. 150 అన్నది డాంగిల్‌కూ రూటర్‌కూ మధ్య కుదిరే లింక్ వేగం, మీ చేతికొచ్చే వేగం కాదు. ఆ 150 కూడా 40 మెగాహెర్ట్జ్ వెడల్పున ఛానల్, అంటే సిగ్నల్ నడిచే దారి, దొరికితేనే. చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (రేడియో తరంగాల శ్రేణి)లోనే కిక్కిరిసి ఉంటే మీ రూటర్ 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గిపోతుంది. అప్పుడు లింక్ 72. పైగా వైఫైలో పంపడం, అందుకోవడం ఒకే ఛానల్‌లో వంతులవారీగా జరుగుతాయి. పంపినదానికి ‘అందింది’ అని అవతలి నుంచి జవాబు కూడా రావాలి. ఈ ఖర్చులన్నీ పోను సుమారు సగం మిగులుతుంది. 72లో సగం ఎంతో మీరే చూడండి.

మరి ఫోన్‌కు 90 ఎలా వచ్చింది? అది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కనెక్ట్ అయి ఉంటుంది. మీ డాంగిల్‌కు ఆ బ్యాండ్ కనబడనే కనబడదు. ఫోన్‌లో మీ రూటర్ పేరుతో రెండు నెట్‌వర్క్‌లు కనబడి, పీసీలో ఒక్కటే కనబడుతోందంటే కారణం అదే. రూటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టుకుని ఉంటే మాత్రం ఇలా తెలియదు. పీసీలో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి కిందికి జరపండి. ప్రోటోకాల్, నెట్‌వర్క్ బ్యాండ్, ఛానల్, లింక్ స్పీడ్ వరుసగా ఉంటాయి. బ్యాండ్ దగ్గర 2.4, లింక్ స్పీడ్ దగ్గర 72 ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కొత్తది కొనేటప్పుడు ‘డ్యూయల్ బ్యాండ్’ అన్న మాట చూసి తీసుకోండి. ఏసీ600, ఏసీ1200 అన్న అంకెలు రెండు బ్యాండ్లనూ కలిపి వేసినవి. ఏసీ600 అంటే 5 గిగాహెర్ట్జ్‌లో 433, 2.4లో 150. ఏసీ1200 అంటే 867, 300. డాంగిల్ ఒక సమయంలో ఒక బ్యాండ్‌లోనే పనిచేస్తుంది కాబట్టి కూడిక చూసి మురిసిపోవద్దు, 5 గిగాహెర్ట్జ్ అంకె ఒక్కటే చూడండి. మీ 100 ప్లాన్‌కు ఏసీ600 చాలు. 300 ఎంబీపీఎస్, ఆపైన ప్లాన్ ఉన్నవాళ్లకే ఏసీ1200 కావాలి. అదీ యూఎస్‌బీ 3 రకమైతేనే, నీలం రంగు పోర్టులో పెడితేనే. యూఎస్‌బీ 2 వేగం కాగితం మీద 480 అయినా, పనిలోకి వచ్చేసరికి 300 దగ్గరే ఆగిపోతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాం. రూటర్, పీసీ ఒకే గదిలో ఉంటే డాంగిల్ కొనకండి. ల్యాన్ కేబుల్ లాగండి. దానికి సాటి వచ్చే డాంగిల్ లేదు.

ప్ర: ఇందులో సిమ్ కార్డు వేయాలా? నెలనెలా రీచార్జ్ ఉంటుందా?
- కర్నూలు పాఠకుడు

జ: అక్కర్లేదు. సిమ్ వేసేది డేటా కార్డు, అది వేరే వస్తువు. ఇంట్లో వైఫై గానీ ఫోన్ హాట్‌స్పాట్ గానీ ఉంటేనే డాంగిల్‌తో పని. సొంతంగా నెట్ తెచ్చే శక్తి దానికి లేదు.

ప్ర: కొత్త డాంగిల్ పెట్టగానే వైఫై రాలేదు, ‘దిస్ పీసీ’లో చిన్న సీడీ డ్రైవ్ ఒకటి కనబడింది. డ్రైవర్ డౌన్‌లోడ్ చేద్దామంటే పీసీలో నెట్ లేదు. వచ్చిన సీడీ వేయడానికి డ్రైవ్ లేదు. ఏం చేయాలి?
- కరీంనగర్ పాఠకుడు

జ: ఆ కనబడిన ‘సీడీ’లోనే డ్రైవర్, అంటే డాంగిల్‌ను పీసీ గుర్తించి నడిపించడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్, ఉంది. కొన్ని డాంగిల్స్ మొదట తమను సీడీ డ్రైవ్‌గా పరిచయం చేసుకుంటాయి. దాన్ని తెరిచి లోపలి సెటప్ నడిపించండి. అది పూర్తయ్యాక సీడీ మాయమై, అదే డాంగిల్ వైఫై పరికరంగా ప్రత్యక్షమవుతుంది. డ్రైవర్ వేశాక కూడా సీడీగానే ఉండిపోతే దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఎజెక్ట్’ కొట్టండి. చాలావాటికి మారమని సంకేతం అదే.

సీడీ కూడా కనబడని డాంగిల్ అయితే ఆండ్రాయిడ్ ఫోన్ ఆదుకుంటుంది. ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి, యూఎస్‌బీ కేబుల్‌తో పీసీకి పెట్టి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. చాలా ఫోన్లలో మొబైల్ డేటా ఖర్చు కాకుండా వైఫైనే కేబుల్ మీదుగా పీసీకి వస్తుంది. ఆ మీట మసకగా ఉండి నొక్కుడు పడకపోతే కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో ఈ పని జరగదు.

ఏ డ్రైవర్ వెతకాలి? మోడల్ పేరును నమ్ముకోవద్దు. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్‌నే తీసుకోండి. మొదటి వెర్షన్‌లో అథెరోస్ ఏఆర్9271 చిప్, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్. పేరు అదే, లోపలి మనిషి వేరు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఉన్న పరికరం మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్‌లోకి వెళ్లండి. వీఐడీ (తయారీదారు గుర్తు) 0బీడీఏ, పీఐడీ (పరికరం గుర్తు) 8179 అని ఉందనుకోండి, 0బీడీఏ అంటే రియల్‌టెక్, 8179 అంటే ఆ 8188ఈయూఎస్ చిప్. ఆ అంకెలతో వెతికితే తప్పు డ్రైవర్ వేసుకునే ప్రమాదం ఉండదు.

ప్ర: ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నుంచి సినిమాలు కాపీ చేస్తున్నంతసేపూ వైఫై తెగిపోతోంది. వైర్‌లెస్ మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది. కాపీ అయిపోగానే రెండూ మామూలే. వైరస్ అనుకోవాలా?
- అనంతపురం పాఠకుడు

జ: వైరస్ కాదు, రేడియో రొద. యూఎస్‌బీ 3 తీగల్లో సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పరుగెత్తే సిగ్నల్ 2.4 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో రొద వెదజల్లుతుంది. పోర్టు, కేబుల్, డిస్క్ పెట్టె, మూడింటి నుంచీ వస్తుందది. దీన్ని ఇంటెల్ 2012లోనే పరీక్షించి పత్రం ప్రచురించింది. వైఫై, మౌస్ రెండూ 2.4లోనే ఉన్నాయి కాబట్టి రెండింటికీ ఒకేసారి చెవుడు వస్తోంది. కాపీ అవుతున్నప్పుడే రావడం దీని పక్కా లక్షణం.

డాంగిల్‌ను 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కు మార్చండి, ఈ రొద అక్కడిదాకా రాదు. 2.4లో ఉండక తప్పకపోతే మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని డాంగిల్‌ను డిస్క్‌కు దూరంగా, టేబుల్ మీదికి తెచ్చి పెట్టండి. మౌస్ రిసీవర్‌నూ నలుపు (యూఎస్‌బీ 2) పోర్టుకు మార్చండి. డాంగిల్ కూడా యూఎస్‌బీ 3 రకమై నీలం పోర్టులో ఉంటే తన రొద తనకే తగులుతుంది, 2.4లో వాడినన్నాళ్లూ దాన్నీ నలుపు పోర్టులోనే ఉంచండి, అక్కడ కోల్పోయే వేగం ఏమీ లేదు.

డెస్క్‌టాప్ వాళ్లందరికీ ఆ కేబుల్ మేమే సిఫారసు చేస్తాం. సీపీయూ వెనక పోర్టులో పెడితే డాంగిల్‌కు ఒకవైపు ఇనుప క్యాబినెట్, ఇంకోవైపు గోడ. పక్కన బీరువా ఉంటే చెప్పనే అక్కర్లేదు. అక్కణ్నుంచి అరమీటరు పైకి తెచ్చినా సిగ్నల్ మెరుగవుతుంది. యూఎస్‌బీ 2 కేబుల్ 5 మీటర్లు దాటనీయకండి. పవర్ అడాప్టర్ లేని హబ్‌లో హార్డ్ డిస్క్ పక్కన డాంగిల్ గుచ్చొద్దు. ఆ హబ్ మొత్తానికి అందే కరెంటు యూఎస్‌బీ 2లో 500 మిల్లీయాంప్స్. డిస్క్ తిరగడం మొదలెడితే డాంగిల్‌కు చాలక పడిపోతుంది.

ప్ర: 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోవడంతో పాత నోట్‌బుక్‌లో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ 22 వేశాను. లోపలి వైఫై కార్డు ముందే చచ్చిపోయింది. ఏ డాంగిల్ కొనాలి?
- వరంగల్ పాఠకుడు

జ: బ్రాండ్ కాదు, చిప్ చూసి కొనండి. డ్రైవర్ కెర్నెల్‌లోనే, అంటే లినక్స్ మూలభాగంలోనే, ఉన్న చిప్ అయితే గుచ్చగానే పనిచేస్తుంది. మీడియాటెక్ ఎంటీ7612యూ డ్రైవర్ కెర్నెల్ 4.19 నుంచీ ఉంది. వైఫై 6 కావాలంటే ఎంటీ7921ఏయూ. రియల్‌టెక్‌లో 8822బీయూ, 8821సీయూ చిప్‌లకు 6.2 నుంచి మద్దతు వచ్చింది. మింట్ 22లో మొదట వచ్చే కెర్నెల్ 6.8 కాబట్టి వీటిలో ఏదైనా మీకు సరిపోతుంది.

‘లినక్స్ సపోర్ట్’ అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. డ్రైవర్ సోర్స్ (ప్రోగ్రామ్ రాత) ఇచ్చి మీరే కంపైల్ చేసుకోండి, అంటే పనిచేసే రూపంలోకి మార్చుకోండి అనడం కూడా కొందరికి సపోర్టే. అలా వేసిన డ్రైవర్ కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన రోజున పనిచేయకపోవచ్చు. మళ్లీ వేయడానికి నెట్ కావాలి, నెట్‌కేమో డ్రైవర్ కావాలి. అప్పుడు పైన కరీంనగర్ పాఠకుడికి చెప్పిన ఫోన్ కేబులే దిక్కు.

ప్ర: ల్యాప్‌టాప్‌ను పది నిమిషాలు వదిలేసి వస్తే వైఫై పోతోంది. డాంగిల్ తీసి పెడితే వస్తోంది.
- నెల్లూరు పాఠకురాలు

జ: కరెంటు పొదుపు కోసం విండోస్ దాన్ని నిద్రపుచ్చుతోంది, అది లేవడం లేదు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద డాంగిల్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో మొదటి టిక్ తీసేయండి. ఆ ట్యాబ్ లేకపోతే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ డిసేబుల్ చేయండి. ఈ రెండూ చేశాక కూడా, అదీ వీడియో చూస్తుండగానే తెగిపోతుంటే, డాంగిల్‌ను వేలితో ముట్టుకుని చూడండి. చురుక్కుమంటే అది వేడి సమస్య. గోరంత డాంగిల్స్‌లో వేడి బయటికి పోయే చోటుండదు. గాలి తగిలే పోర్టుకు మార్చినా తగ్గకపోతే కాస్త పెద్ద సైజుది, బయట యాంటెన్నా ఉన్నది తీసుకోండి.