ఇంటిల్లిపాదీ ఆడే మాయల ఆట

ప్రశ్న: మా ఇంట్లో అత్తమ్మ, మా వారు, నేను, పన్నెండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, మొత్తం అయిదుగురం ఉంటాం. వారానికి ఒక రాత్రయినా టీవీ, ఫోన్లు పక్కన పెట్టి అందరం కలిసి ఆడుకోవాలని అనుకున్నాం. అష్టాచెమ్మా, క్యారమ్స్ అంటే బాబుకు విసుగు వచ్చింది. మాయలు, మాంత్రికులు ఉండే బోర్డు ఆట కావాలని పట్టుబడుతున్నాడు. అత్తమ్మకు ఇంగ్లిష్ చదవడం రాదు. ఆన్‌లైన్‌లో వెతికితే ఇలాంటివి పదుల కొద్దీ కనిపించి ఏది మంచిదో తేల్చుకోలేకపోయాం. మీరేది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: పెట్టె మీది బొమ్మను, మాంత్రికుడి టోపీని చూసి ఆటను ఎంచుకోకండి. మీ ఇంటి విషయంలో ముందుగా చూడవలసింది ఆ ఆటలోని కార్డుల మీద ఎంత రాత ఉందన్నదే. మాయల ఆటల్లో చాలా వాటికి ప్రతి కార్డు మీద నాలుగైదు వరుసల ఇంగ్లిష్ ఉంటుంది. బాబు చదివి చెప్పేదాకా అత్తమ్మ కార్డు చేత పట్టుకుని ఎదురు చూడవలసి వస్తే, రెండో వారానికి ఆమె ‘మీరు ఆడుకోండి’ అని లేచి వెళ్లిపోతారు. రెండోది, ఏడేళ్ల పాప ఎవరి సాయమూ లేకుండా పెద్దవాళ్లను గెలవగలిగే ఆట అయి ఉండాలి. ఈ రెండు షరతులకూ నిలిచేవి తక్కువే. వాటిలో నేను మొదట చెప్పేది ‘ద మ్యాజిక్ లాబిరింత్’. జర్మనీకి చెందిన ద్రై మాగియర్ సంస్థ దీనిని తయారు చేసింది. 2009లో ఆ దేశంలో ఏటా ఇచ్చే ఉత్తమ పిల్లల ఆట పురస్కారం దీనికే దక్కింది.

ఇందులో మాంత్రికుడి శిష్యులు పోయిన వస్తువుల కోసం దారుల చిక్కులో వెతుకుతుంటారు. పైకి చూస్తే ఆరు వరుసల్లో ఆరేసి గడులున్న మామూలు పటమే కనిపిస్తుంది. దాని అడుగున మాత్రం మనమే అమర్చిన చిన్న చిన్న చెక్క గోడలుంటాయి. ప్రతి పావులోనూ అయస్కాంతం ఉంటుంది. పటానికి కింది వైపున ఒక చిన్న ఇనుప గుండు ఆ పావును అంటిపెట్టుకుని, అది ఎటు జరిగితే అటు తానూ జరుగుతుంది. పాచిక వేసి, పడినన్ని గడులు దాటుతూ పావును జరుపుతుండగా కంటికి కనిపించని గోడ అడ్డం వస్తే, పావు ముందుకు పోతుంది గానీ గుండు మాత్రం టక్కున ఊడి, కింద దొర్లుకుంటూ వచ్చి బయట పడుతుంది. అప్పుడు ఆ గుండును మళ్లీ తగిలించుకుని, పటం మూలన తాను బయలుదేరిన గడి నుంచే మొదలుపెట్టాలి. సంచిలోంచి తీసిన బిళ్ల మీద ఏ గుర్తు ఉందో, ఆ గుర్తున్న గడికి ముందుగా చేరినవారికి ఆ బిళ్ల దక్కుతుంది. అలా అయిదు బిళ్లలు ఎవరు ముందు సంపాదిస్తే వారు గెలిచినట్లు.

గోడ ఎక్కడుందో ఒకసారి తగిలాక గుర్తు పెట్టుకోవడమే ఇందులోని నేర్పు. ఎదుటివారి గుండు ఎక్కడ ఊడిందో గమనించినవారికి వారి నష్టం తన లాభమవుతుంది కనుక, తన వంతు కాని సమయంలో కూడా ఎవరూ కళ్లు పక్కకు తిప్పరు. ఇలాంటి జ్ఞాపకంలో పిల్లలు పెద్దలకు తరచూ ఎదురు నిలుస్తారు. ఆదివారం సరుకుల జాబితాను నోటితో అప్పజెప్పే అత్తమ్మలు కూడా తక్కువేమీ తినలేదు. ఆరేళ్లు దాటిన పిల్లల నుంచి ఇద్దరు మొదలు నలుగురి దాకా ఆడవచ్చు, అరగంటలోపే ముగుస్తుంది. మొత్తం అయిదుగురు కనుక మీరూ, మీ వారూ ఒకే పావును పంచుకోవచ్చు. మొదటి రోజు గోడలు తక్కువగా పెట్టండి. కొనేటప్పుడు పేరు సరిగా చూసుకోండి. రావెన్స్‌బర్గర్ సంస్థ 1986 నుంచి అమ్ముతున్న ‘లాబిరింత్’ వేరు. అందులో దారి పలకలను నెట్టి దారులు మారుస్తారు. అదీ మంచి ఆటే, కాకపోతే అందులో నిధి కోసం లెక్క వేసుకుంటూ దారి చూసుకునే పెద్దవారిదే పైచేయి అవుతుంది.

మీ బాబుకు ఇది కొన్నాళ్లకు తేలిక అనిపిస్తే ‘అబ్రకదా వాట్’ అనే ఆట తెప్పించండి. దీనిని అయిదుగురూ ఆడవచ్చు. ఇందులో 36 మంత్రపు రాళ్లుంటాయి. 1 అంకె గల రాయి ఒక్కటే, 2 అంకెవి రెండు, ఇలా 8 అంకెవి ఎనిమిది ఉంటాయి. ప్రతి ఒక్కరి ముందూ అయిదు రాళ్లు నిలబెడతారు, అయితే వాటి ముఖం ఎదుటివారికే కనిపిస్తుంది, ఎవరి రాళ్లు వారికి కనిపించవు. తన వంతు వచ్చినప్పుడు తన దగ్గర ఏ అంకె ఉందో ఊహించి పలకాలి. ఉంటే ఆ మంత్రం పారుతుంది, లేకుంటే సాధారణంగా ఒక ప్రాణం పోతుంది. మంత్రం పారిన తర్వాత అదే అంకెను గానీ, దానికన్నా పెద్ద అంకెను గానీ పలుకుతూ ముందుకు పోవచ్చు. ఆశకు పోతే చేతిదాకా వచ్చింది పోతుంది. అయిదుగురు ఆడుతున్నప్పుడు ఎదుటివారి 20 రాళ్లు మీకు కనిపిస్తాయి. వాటిలో 8 ఒక్కటీ లేదంటే, కనిపించని 16 రాళ్లలోనే ఆ ఎనిమిదీ ఉన్నాయన్నమాట. అప్పుడు 8 అని ధైర్యంగా పలకవచ్చు. ఈ లెక్క పట్టుబడిన పిల్లవాడికి సంభావ్యత పాఠాన్ని విడిగా చెప్పనక్కర లేదు. రాళ్ల మీద అంకె, బొమ్మ ఉంటాయి కనుక ఏ మంత్రం ఏమి చేస్తుందో నేర్చుకున్నాక అత్తమ్మకూ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: దసరా సెలవులకు పిల్లల కోసం మాయల ఆట ఒకటి తెచ్చాం. మంత్రాలు, మాంత్రికులు అనగానే మా నాయనమ్మ ‘అటువంటివి ఇంట్లో పెట్టకూడదు’ అని కోప్పడుతోంది. ఆమెను ఎలా ఒప్పించాలి?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: ఆమెది ఉత్త మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. మన జిల్లాల్లో బాణామతి, చేతబడి అన్న పేర్లు చెప్పి మనుషులను వెలివేసిన, కొట్టిన, చంపిన వార్తలు మనమందరం చదివినవే. ఆ మాటలు విని భయపడిన కాలంలో బతికిన మనిషికి, మనవలు నవ్వుతూ ‘నీ మీద మంత్రం వేశా’ అంటుంటే మనసు ఉలిక్కిపడడం సహజం. అందుకే వాదన పెట్టుకోకుండా ఆటను ఆమె ముందే విప్పి చూపించండి. మీది అయస్కాంతం ఆట అయితే పటం కిందికి ఆమె చేయి పెట్టించి, గుండు ఎలా అంటుకుంటుందో, గోడ తగలగానే ఎలా రాలుతుందో ఆమెతోనే చేయించండి. కీలు ఎక్కడుందో కళ్లారా చూసినవారికి ఆ భయం చాలా వరకు తగ్గుతుంది. వేదికల మీద ఇంద్రజాలం చూపిన బి.వి. పట్టాభిరామ్ గారి వంటి వారి గురించి కూడా పిల్లల ముందు చెప్పండి. రుమాలు మాయమైనప్పుడు అది చేతి నేర్పేనని చూసేవారికి తెలుసు. నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో, పగటి పూట సూర్యుడు ఎటు మళ్లినా గర్భగుడిలో స్తంభం నీడ కదలకుండా నిలుస్తుందంటే అది వెలుగును లెక్క వేసి స్తంభాలు నిలిపిన శిల్పుల ప్రతిభ. వీలైతే ఆమెను పిల్లలతో కలిసి ఒకసారి అక్కడికి తీసుకువెళ్లండి.

ఆ తర్వాత కూడా ఆమెకు ఇష్టం లేకపోతే ఆట పేర్లు మార్చుకోండి. శిష్యుల పావులను నలుగురు బాటసారులుగా చెప్పుకున్నా నియమాల్లో వెంట్రుకవాసి తేడా రాదు. ఇరుగుపొరుగు మనుషుల పేర్లు పెట్టి మాంత్రికులను చేసే ఆట మాత్రం సరదాకైనా సాగనివ్వవద్దు.

ప్రశ్న: ఇలాంటి ఆటల ధర వేలల్లో ఉంటోంది. అంత పెట్టలేని వాళ్లం ఇంట్లోనే చేసుకునే మార్గం ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ఉంది. ఒకే రంగు వెనక భాగం ఉన్న రెండు పేకముక్కల కట్టలు తీసుకోండి. రెండు కట్టల్లో కలిపి ఒక్కో అంకెవి ఎనిమిదేసి ముక్కలుంటాయి కనుక ఒక ఆసు, రెండు దుగ్గీలు, మూడు మూడులు, అలా ఎనిమిది ఎనిమిదుల వరకు ఏరితే పైన చెప్పిన 36 రాళ్లూ సిద్ధమైనట్లే. ముక్కలు నిలబడేందుకు థర్మాకోల్ ముక్కను సన్నగా కోసి, మధ్యలో గాటు పెడితే చాలు. ప్రాణాలకు చింతగింజలు పెట్టుకోండి, ఒక్కొక్కరికి ఆరు. ఏ అంకె ఏమి చేయాలన్నది మీరే తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.

కనిపించని గోడల ఆటకు అయస్కాంతం కూడా అక్కర లేదు. నేల మీద సుద్దముక్కతో ఆరు వరుసల్లో ఆరేసి గడులు గీయండి. అలాంటి గడులే కాగితం మీద గీసి, గోడలు అందులో మాత్రమే గుర్తించి, ఆ కాగితాన్ని ఒకరి చేతికివ్వండి. పావు గోడ దాటబోయినప్పుడు వారు ‘ఆగు’ అంటారు. ప్రతి గడికీ ఎక్కడో ఒకచోట నుంచి దారి ఉండేలా ముందే చూసుకోండి, లేకుంటే ఆట మధ్యలో ఆగిపోతుంది. కాగితం పట్టుకునే పని ఇంట్లో పెద్దవారికి ఇస్తే బాగుంటుంది. ఆ అధికారాన్ని ఎవరూ అంత తేలిగ్గా వదులుకోరు.

ప్రశ్న: మాకు రెండేళ్ల బాబు కూడా ఉన్నాడు. అయస్కాంతాలున్న ఆట ఇంట్లో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: వాడు నిద్రపోయాకే ఆడండి. రెండు అయస్కాంతాలు గానీ, ఒక అయస్కాంతం, ఒక ఇనుప గుండు గానీ మింగితే అవి కడుపులో ఒకదానినొకటి లాగి పేగు గోడను నొక్కిపెట్టి, దానికి రంధ్రం చేసే ప్రమాదం ఉంది. గుండు గొంతుకు కూడా అడ్డం పడవచ్చు. ఆట ముగియగానే పావులు, గుండ్లు లెక్క పెట్టి మూత బిగించే డబ్బాలో వేసి, అల్మారా పై అరలో పెట్టండి. లెక్క తగ్గితే నేలంతా వెతికి దొరికేదాకా పడుకోవద్దు. వాడు మింగాడని అనుమానం వస్తే వాంతి చేయించడం, అరటిపండు పెట్టడం వంటివి చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.