సీడీ కోసం రికార్డు చేసేటప్పుడు శాంపిల్ రేటు: పెదనాన్న ఉత్తరం

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం అందింది. పది పాటలు రికార్డు చేసి సీడీగా తీసుకురావాలన్న నీ సంకల్పం నాకెంతో సంతోషం కలిగించింది. సాఫ్ట్‌వేరు తెరవగానే శాంపిల్ రేటు, అంటే ధ్వనిని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలవాలన్న చోట, 44.1, 48, 88.2, 96, 192 అని వరుసగా అంకెలు కనబడ్డాయనీ, వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని ఎంచుకుంటే పాట కూడా అంత బాగా వస్తుందా అనీ అడిగావు. ఈ ప్రశ్నను మైకు పెట్టకముందే అడగడం మంచిదయింది. చాలామందికి ఈ సందేహం పాటలన్నీ పూర్తయి, డిస్కు బర్న్ చేసే రోజున గానీ రాదు.

నా మాట ముందే చెప్పేస్తాను. పాట చివరికి చేరేది సీడీకే అయితే 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ (ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా రాయాలో చెప్పే అంకె) పెట్టుకొని రికార్డు చెయ్యి. రేటు పెంచడం కన్నా బిట్లు పెంచడం వల్ల నీకు కలిగే మేలే ఎక్కువ.

సీడీలో ప్రతి చానెల్‌కూ సెకనుకు 44,100 శాంపిళ్లు (కొలతలు), ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు ఉంటాయి. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి 1980లో రెడ్ బుక్ అనే ప్రమాణంలో దీన్ని ఖాయం చేశాయి. ఈ అంకె వీడియో టేపుల నుంచి వచ్చింది. ఆ రోజుల్లో డిజిటల్ శబ్దాన్ని అంత వేగంగా దాచుకోవడానికి సులువుగా దొరికే సాధనం వీడియో రికార్డరు కాబట్టి, శాంపిళ్లను వీడియో బొమ్మగా మార్చి టేపు మీద ఎక్కించేవారు. సెకనుకు 60 ఫీల్డులు (వీడియో బొమ్మలో సగాలు), ఒక్కో ఫీల్డులో 245 గీతలు, ఒక్కో గీతలో 3 శాంపిళ్లు వేసి గుణించి చూడు, 44,100 వస్తుంది. 50 ఫీల్డులు, 294 గీతలున్న పద్ధతిలో లెక్క కట్టినా అదే వస్తుంది. రెండు రకాల వీడియో యంత్రాలకూ సరిపోయిన ఆ అంకె సీడీకి కూడా వచ్చి చేరింది.

అది వినికిడికి చాలుతుందా అంటే, చాలుతుంది. సెకనుకు ఎన్ని శాంపిళ్లు తీసుకుంటామో అందులో సగం కన్నా తక్కువ పౌనఃపున్యం ఉన్న ధ్వనులన్నిటినీ తిరిగి రాబట్టుకోవచ్చు. 44,100లో సగం 22,050. చురుకైన చెవికైనా సాధారణంగా 20,000 హెర్ట్జ్‌కు పైన వినబడదు, వయసు పెరిగేకొద్దీ ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. మధ్యలో మిగిలిన 2,050 హెర్ట్జ్ జాగా ఫిల్టరు కోసం. పై ధ్వనులను ఆ ఫిల్టరు ముందే ఆపకపోతే, అవి మడతపడి, అసలు పాటలో లేని స్వరాలుగా కింద తేలుతాయి. 96లో రికార్డు చేస్తే ఫిల్టరుకు జాగా పెరుగుతుందన్న మాట నిజమే, కొన్ని రకాల ప్రాసెసింగుకూ అది ఉపకరిస్తుంది. అయితే 24 బిట్ స్టీరియో 44.1లో నిమిషానికి దాదాపు 16 మెగాబైట్లు పడితే, 96లో 35 మెగాబైట్ల దాకా పడుతుంది. చివరికి సీడీ కోసం దాన్నంతా 44.1కే దించాలి. అంత పెద్ద రేటు కావాలనే అనిపిస్తే 88.2 తీసుకో, అది సరిగ్గా రెండింతలు.

ఇక బిట్ల సంగతి కాస్త నిదానంగా చదువు. ఒక్కో బిట్‌కు అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య సుమారు 6 డెసిబెళ్ల వ్యాప్తి లభిస్తుంది. 16 బిట్లకు 96, 24 బిట్లకు లెక్క ప్రకారం 144. గదిలోని రొద, మైకు రొద, ప్రీయాంప్ (మైకు సంకేతాన్ని పెంచే పరికరం) రొద అడ్డువస్తాయి కనుక ఆ 144 మొత్తం నీ చేతికి రాదు. అయినా ధైర్యంగా లెవెల్ తగ్గించి రికార్డు చేసుకునే వీలు అక్కడే ఉంది. గాయని పల్లవి మెల్లగా పాడి, చరణంలో ఒక్కసారిగా గొంతు విప్పుతుంది. ఆ క్షణంలో లెవెల్ మీటరు పై హద్దయిన సున్నా తాకిందంటే తల తెగిన ఆ తరంగాన్ని తర్వాత ఎవరూ సరిగ్గా అతకలేరు. అందుకని అతి గట్టి చోట కూడా మీటరు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా పెట్టుకో. 16 బిట్‌లో అలా చేస్తే రెండు బిట్లు పోయి 14 మిగులుతాయి. 24లో చేస్తే 22 మిగులుతాయి, అది సీడీ అడిగేదానికన్నా ఎక్కువే.

48 గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను. అది వీడియోకు వాడే రేటు. చాలా సౌండ్ కార్డులు, ఇంటర్‌ఫేస్‌లు (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెలు) మనం మార్చకపోతే దాని మీదే ఉండిపోతాయి. ఒకసారి నేను ఇంటర్‌ఫేస్ 48లో ఉన్న సంగతి చూసుకోకుండా ఒక గాయని పాట రికార్డు చేశాను. ఆ ఫైలును 44.1 ప్రాజెక్టులోకి తెచ్చినప్పుడు సాఫ్ట్‌వేరు దాన్ని మార్చకుండా, శాంపిళ్లను ఉన్నవి ఉన్నట్టే పరిచింది. నాలుగు నిమిషాల పాట నాలుగు నిమిషాల ఇరవై ఒక్క సెకన్లయింది, శ్రుతి దాదాపు ఒకటిన్నర అరస్వరాలు దిగింది. నాకు తేడా తెలియలేదు, పాట కొంచెం గంభీరంగా వచ్చిందనుకున్నాను. ఆవిడ మాత్రం మొదటి పాదం వినగానే, "ఇది నా గొంతు కాదండీ" అని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశారు. ఆనాటి నుంచి ఇంటర్‌ఫేస్ రేటు, ప్రాజెక్టు రేటు, ఫైలు రేటు మూడూ ఒకటేనని కళ్లతో చూసుకోనిదే నేను రికార్డు బటన్ నొక్కను. నీవూ నొక్కవద్దు.

ఇప్పటికే 48లో చేసినవి కొన్ని ఉన్నాయని రాశావు. వాటిని పారేయనక్కరలేదు. ప్రతి 160 శాంపిళ్ల స్థానంలో 147 కొత్త శాంపిళ్లను లెక్కగట్టాలి, మంచి కన్వర్టర్ ఆ పని చక్కగా చేస్తుంది. నాణ్యత ఎంచుకునే చోట అన్నిటికన్నా మేలైనదే తీసుకొని, ఒక్కసారే మార్చు. 44.1లో ఉన్నదాన్ని 96కు పెంచి మళ్లీ దించడం వల్ల కొత్తగా వచ్చేదేమీ ఉండదు.

చివరి మెట్లలో వరుస తప్పకూడదు. మిక్సింగ్ అయ్యాక ముందు రేటు మార్చాలి, తర్వాత లెవెల్ సరిచేయాలి, డితర్ (బిట్లు తగ్గించేముందు కలిపే అతి సన్నని రొద) వేసి 16 బిట్‌కు దించడం అన్నిటికన్నా చివర. ముందే లెవెల్‌ను సున్నా దాకా తెచ్చి ఆపైన రేటు మారిస్తే, కొత్త శాంపిళ్లు పాతవాటి కన్నా ఎత్తున పడి క్లిప్పింగ్, అంటే తరంగం తల తెగడం, వస్తుంది. మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపుకుంటే నిశ్చింత. డితర్ అనవసరమని కొందరు వదిలేస్తారు, నేను ఒప్పుకోను. పాట చివర వయొలిన్ నాదం సన్నగిల్లి నిశ్శబ్దంలో కలిసే చోట హెడ్‌ఫోన్లలో వాల్యూమ్ బాగా పెంచి విను. డితర్ లేకపోతే ఆ నాదం గరగరమంటూ తునిగి ఆగిపోతుంది, ఉంటే అతి పలుచని హోరులో మెల్లగా కరిగిపోతుంది. అయితే డితర్ ఒక్కసారే వేయాలి, ఆ తర్వాత ఆ ఫైలు జోలికి పోకూడదు.

బర్న్ చేసేటప్పుడు ఆడియో సీడీ అన్నదే ఎంచుకో. డేటా సీడీగా వేస్తే వేవ్ (కుదించని ధ్వని) ఫైళ్లు ఫైళ్లుగానే ఉండిపోతాయి, మామూలు సీడీ ప్లేయరు వాటిని పలికించలేదు. ఎంపీ3లను ఆడియో సీడీగా మార్చవచ్చు గానీ, కుదింపులో పోయింది తిరిగి రాదు, అందుచేత వేవ్ ఫైళ్లనే ఇవ్వు. నీవు ఏ రేటులో రికార్డు చేసినా డిస్కు మీద పట్టేది 80 నిమిషాలే.

ఆగకుండా సాగే పాటలు నీ సీడీలో రెండున్నాయి కదా, వాటికి మరో జాగ్రత్త కావాలి. సీడీలో సెకనును ఫ్రేములనే 75 భాగాలుగా విడగొడతారు, ఒక్కో భాగంలో 588 శాంపిళ్లుంటాయి. ట్రాక్ ఆ హద్దు మీదే ముగియాలి. నీవు కోసిన చోటు హద్దు మీద పడకపోతే, మిగిలిన జాగాను సున్నాలతో నింపుతారు, పాట నుంచి పాటకు మారేటప్పుడు టక్ మని వినబడుతుంది. ఎడిటర్‌లో సీడీ ఫ్రేముల కొలత పెట్టుకొని కోస్తే ఆ బెడద ఉండదు. డిస్కంతా ఒకే ఊపులో రాసే డిస్క్-ఎట్-వన్స్ పద్ధతిలో బర్న్ చెయ్యి, పాట పాటకూ ఆగి రాసే ట్రాక్-ఎట్-వన్స్‌లో పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల ఖాళీ వచ్చి పడుతుంది.

మొదట ఒక్క డిస్కే బర్న్ చేసి, నీ కంప్యూటర్‌లో కాకుండా వేరే ప్లేయరులో పెట్టి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా కూర్చొని విను. పాటల నిడివి ప్రాజెక్టులో ఉన్న నిడివితో సరిపోయిందో లేదో కాగితం మీద రాసుకొని పోల్చు. తేడా వస్తే ఆ కాగితం, ప్రాజెక్టు ఫైలు రెండూ నాకు పంపు. రెండో డిస్కు బర్న్ చేయకుండా ఆగు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న