సర్వే నివేదిక బీరువాలోకి వెళ్లిపోకుండా చూసే ఉద్యోగం

ప్రశ్న: నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. స్టాటిస్టిక్స్ నా ప్రధాన సబ్జెక్టు. పోయిన సెలవుల్లో ఒక స్వచ్ఛంద సంస్థ హైస్కూలు పిల్లలతో చేయించిన సర్వేకు డేటా ఎంట్రీ చేశాను. సిగరెట్, మందు, కొట్లాటలు, దిగులు, ఇల్లు, బడి అన్నిటి మీదా ప్రశ్నలున్నాయి. పేర్లు రాయని కాగితాలు. 'నేను ఏదైనా బాగా చేస్తే మా టీచర్ గమనించి నాతో చెబుతారు' అనే వాక్యానికి 'లేదు' అని టిక్కు పెట్టినవాళ్లు వరసగా వస్తూనే ఉన్నారు. అది నా మనసులోంచి పోవడం లేదు. నివేదిక తయారైంది, ఒక మీటింగ్ పెట్టారు, అక్కడితో సరి. ఇలాంటి ఫలితాలు పట్టుకుని నిజంగా ఏదైనా చేసే ఉద్యోగం ఉంటుందా? నాన్నగారు డేటా ఎనలిటిక్స్‌లో చేరమంటున్నారు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉంది. జీతమిచ్చే ఉద్యోగమే. కాకపోతే ఒక్కోచోట ఒక్కో పేరుతో ఉంటుంది కాబట్టి వెతికితే సులువుగా కనబడదు. ప్రివెన్షన్ కోఆర్డినేటర్ అంటారు, ప్రివెన్షన్ స్పెషలిస్ట్ అంటారు, ప్రోగ్రామ్ ఎవాల్యుయేటర్ అంటారు, ఆరోగ్య శాఖల్లో ఎపిడెమియాలజిస్ట్ (జనంలో ఆరోగ్య సమస్యలు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో లెక్కలతో చూసే నిపుణులు) అంటారు. పిల్లలు వ్యసనాల్లోనో గొడవల్లోనో పడకముందే ఇల్లు, బడి, చుట్టూ ఉన్న పెద్దలు కలిసి ఏం చేయాలో ఆధారాలు చూసి తేల్చడం వాళ్ల పని.

మిమ్మల్ని వదలని ఆ వాక్యం కాగితం మీదికి ఊరికే రాలేదు. అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు డేవిడ్ హాకిన్స్, రిచర్డ్ కాటలానో 'కమ్యూనిటీస్ దట్ కేర్' అనే పద్ధతిని రూపొందించారు. పిల్లల సర్వే ఫలితాలు చూసి, ఏం చేయాలో ఊరివాళ్లే కలిసి తేల్చుకునే పద్ధతి అది. దాని సర్వేలో దాదాపు ఇదే వాక్యం ఉంటుంది. ఏ పరిస్థితులు పిల్లల్ని మత్తు అలవాట్ల వైపు నెడతాయి, ఏవి కాపాడతాయి అన్నది వాళ్లు మరో పరిశోధకుడితో కలిసి 1992లో ఒక వ్యాసంలో ఒకచోట చేర్చారు. ఈ రంగంలో వాటినే రిస్క్ ఫ్యాక్టర్లు, ప్రొటెక్టివ్ ఫ్యాక్టర్లు అంటారు. 'నూటికి తొమ్మిది మంది తాగారు' అన్న అంకెను చూసి భయపడతాం, అంతకుమించి దాంతో ఏం చేయాలో తోచదు. 'నేను బాగా చేసినా ఎవరూ పట్టించుకోరు' అన్న అంకె అలా కాదు. దాన్ని రేపు పొద్దున తరగతి గదిలోనే మార్చడం మొదలుపెట్టొచ్చు.

ఇలాంటి ఒక మీటింగులో నేనూ కూర్చున్నాను. నివేదిక చేతికి రాగానే అందరూ మందు, సిగరెట్ పేజీలే తిప్పారు. ఒకరు పోస్టర్లు వేద్దామన్నారు, ఇంకొకరు పోలీసు అధికారితో ఉపన్యాసం ఇప్పిద్దామన్నారు. కోఆర్డినేటర్ ఎవరితోనూ వాదించలేదు. గదిలో ఉన్న టీచర్లను ఒక్క మాట అడిగింది: 'పిల్లలు బాగా చేసినప్పుడు గమనించి వాళ్లకు చెబుతామనుకునేవాళ్లు చేయెత్తండి.' దాదాపు అందరూ ఎత్తారు. అప్పుడు పిల్లల జవాబుల పేజీ తీసి బల్ల మీద పెట్టింది. టీచర్లు అబద్ధమాడలేదు, పిల్లలూ ఆడలేదు. మెచ్చుకోలు అటు బయల్దేరుతోంది గానీ ఇటు చేరడం లేదు. ముందు బెంచీల్లో ఉన్న నలుగురైదుగురికే అందుతోందని ఒక టీచరమ్మ తనే అన్నారు. రోజుకు ముగ్గురు పిల్లల్ని, అందులోనూ వెనక కూర్చునేవాళ్లను, ఫలానా పని బాగా చేశావని పేరు పెట్టి పిలిచి చెప్పాలని ఆ గదిలోనే అనుకున్నారు. మళ్లీ సర్వే జరిగినప్పుడు అదే ప్రశ్నతో సరిచూడాలని కూడా రాసుకున్నారు. నివారణ ప్రణాళిక అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే.

ఉపన్యాసాల సంగతికొస్తే, పోలీసులు బడికొచ్చి పాఠం చెప్పే 'డేర్' కార్యక్రమం అమెరికాలో 1983లో మొదలైంది. దాని పాత పాఠ్యక్రమాన్ని చాలా అధ్యయనాలు పరిశీలించాయి. పిల్లల మత్తు వాడకం మీద దానికి నిలబడే ప్రభావం ఏమీ లేదని తేలింది. మంచి ఉద్దేశంతో చేసినంత మాత్రాన పని జరగదు. అందుకే మీలాంటివాళ్లు కావాలి.

మీ స్టాటిస్టిక్స్ ఇందులో ఎక్కడ పనికొస్తుందంటారా? అడుగడుగునా. ఒక తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. ఈ ఏడాది నలుగురు 'గత 30 రోజుల్లో తాగాను' అన్నారు, అంటే 10 శాతం. వచ్చే ఏడాది ఆరుగురు అన్నారు, 15 శాతం. 'ఒక్క ఏడాదిలో సగానికి సగం పెరిగింది' అని ఎవరో ఒకరు హెడ్డింగ్ పెట్టేస్తారు. పెరిగింది ఇద్దరు పిల్లలు. ఆ మాట గట్టిగా చెప్పాల్సింది మీరే. ఆ తరగతిలోని అమ్మాయిలను విడదీసి, కొత్తగా చేరినవాళ్లను విడదీసి పట్టిక వేస్తే ఒక గడిలో 'ఇద్దరు' అని మిగులుతుంది. ఆ ఇద్దరూ ఎవరో బడి అంతా ఊహించేస్తుంది. అలాంటి గడిని అచ్చు వేయనివ్వకూడదు. పేరు రాయక్కర్లేదని మాటిచ్చాకే పిల్లలు నిజం రాశారు.

మరి వాళ్లు నిజమే రాశారని ఏమిటి నమ్మకం? దానికీ ఉపాయాలున్నాయి. ఐరోపాలో 1995 నుంచి నాలుగేళ్లకోసారి 15, 16 ఏళ్ల విద్యార్థులతో జరిగే 'ఎస్పాడ్' సర్వేలో 'రెలెవిన్' అనే మత్తుమందు గురించి అడిగారు. అలాంటి మందు లేనే లేదు. దాన్ని వాడానని టిక్కు పెట్టినవాళ్ల మిగతా జవాబులను ఎంతవరకు నమ్మాలో అలా అంచనా వేస్తారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. పిల్లల మాటను కొట్టిపారేయకుండా, గుడ్డిగా నమ్మకుండా, గౌరవంగా పరీక్షించే పద్ధతి అది.

తల్లిదండ్రుల నుంచి ఇంకో అభ్యంతరం తప్పకుండా వస్తుంది: ఆత్మహత్య గురించి అడిగితే లేనిపోని ఆలోచన పుట్టదా అని. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో రెండు వేలకు పైగా పిల్లలతో దీన్ని పరీక్షించారు. అడిగినందువల్ల ఆలోచనలు పెరగలేదని తేలింది. అయినా, ఆ ప్రశ్న అడిగే రోజున సహాయం కావాలంటే ఎవరిని కలవాలో ప్రతి పిల్లవాడి చేతిలో కాగితం ఉండాలి. అది లేకుండా సర్వే మొదలుపెట్టేవాళ్లతో మీరు పనిచేయొద్దు.

ఇదంతా ఫలిస్తుందా అని మీ నాన్నగారు అడిగితే ఐస్‌లాండ్ సంగతి చెప్పండి. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకుముందు నెలలో మత్తెక్కేలా తాగామని చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. రోజూ సిగరెట్ తాగేవాళ్లు 23 నుంచి 3 శాతానికి తగ్గారు. వాళ్లు సర్వే ఫలితాలను ఏ ప్రాంతానివి ఆ ప్రాంతానికి, నెలల్లోపే, వేడిగా ఉండగానే అందించారు. తల్లిదండ్రులు పిల్లలతో గడిపే సమయం, రాత్రి పూట బయట తిరగడం, పెద్దల ఆధ్వర్యంలో ఆటలు, సంగీతం వంటి అంశాల మీద పనిచేశారు. అయితే దేశమంతా ఒకేసారి మారింది కాబట్టి ఏ చర్య వల్ల ఎంత తగ్గిందో విడదీయడం కష్టమని స్టాటిస్టిక్స్ చదివిన మీకు వెంటనే తడుతుంది. ఆ లోటు తీర్చే ప్రయోగం కూడా ఉంది. అమెరికాలో ఏడు రాష్ట్రాల్లోని 24 పట్టణాలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపులో మాత్రమే 'కమ్యూనిటీస్ దట్ కేర్' అమలు చేశారు. అయిదో తరగతి నుంచి గమనించిన పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి, ఆ పట్టణాల్లో కొత్తగా మందు, సిగరెట్ మొదలుపెట్టినవాళ్లు రెండో గుంపు కన్నా తక్కువగా ఉన్నారు.

చదువు విషయం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీకు పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ నప్పుతుంది. లెక్కలు మీకు వచ్చు, జనంతో కూర్చుని పనిచేయడం నేర్చుకోవాలి. సోషల్ వర్క్ కూడా మంచి దారే. ఇంట్లో ఎనలిటిక్స్‌కే ఒప్పుకుంటే బెంగపడకండి, అది చదివి ప్రాజెక్టుకు ఈ విషయం తీసుకోండి. ఏ దారిలో వెళ్లినా క్రాస్ ట్యాబ్ (రెండు ప్రశ్నల జవాబులను కలిపి వేసే పట్టిక), వెయిటింగ్ (సర్వేలో తక్కువగా వచ్చినవాళ్ల జవాబులకు తగిన బరువివ్వడం), కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే హద్దులు) చేతికి బాగా అలవాటు కావాలి. ఈ లెక్కలకు వాడే 'ఆర్' సాఫ్ట్‌వేర్ ఉచితం. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 1991 నుంచి సాధారణంగా రెండేళ్లకోసారి జరుపుతున్న హైస్కూలు విద్యార్థుల సర్వే డేటా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందులోంచి ఒక్క ప్రశ్న తీసుకుని విశ్లేషించి, తల్లిదండ్రులకు అర్థమయ్యేలా ఒకే పేజీ రాయండి. 'సిగ్నిఫికెంట్' లాంటి స్టాటిస్టిక్స్ మాట వాడకుండా రాయండి. ఇంటర్వ్యూలో మీ మార్కుల జాబితా కన్నా ఆ పేజీయే ఎక్కువ మాట్లాడుతుంది.

కష్టాలు దాచను. మొదట్లో జీతం సాధారణంగా కంపెనీ ఎనలిటిక్స్ ఉద్యోగాల కన్నా తక్కువే. చాలా పోస్టులు గ్రాంట్ల మీద నడుస్తాయి, గ్రాంటు ఆగితే పోస్టూ ఆగుతుంది. ఫలితం కనబడటానికి ఏళ్లు పడుతుంది. మీ వల్ల ఏ పిల్లవాడు ఆగాడో మీకు ఎప్పటికీ తెలియదు. ఇది తట్టుకోగలనా అని మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగండి.

ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది. ఆ సంస్థ దగ్గరకు తిరిగి వెళ్లండి. డేటా వాళ్లది కాబట్టి ముందు అనుమతి అడగండి. ఆ ఒక్క వాక్యానికి వచ్చిన జవాబులను తరగతులవారీగా పట్టిక వేసి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేదని చూసుకుని, టీచర్లతో ఒక అరగంట ఇప్పించమనండి. ఆ తర్వాత పిల్లలతో ఇంకో అరగంట కూడా అడగండి. వాళ్లు రాసిన జవాబు ఏమైందో వాళ్లకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు.